పదకొండూ మూసే ఉన్నాయి

బాన్సువాడ
8 సెప్టెంబరు 2024

వదినకు నీల దండాలు.

నీ చెవులు పోయాక మనిద్దరికీ మళ్ళీ ఉత్తరాలే దిక్కయ్యాయి. పెళ్ళయి వచ్చిన కొత్తలో సంతకం కూడా రాని నాకు పలక పట్టించి అక్షరాలు దిద్దించింది నువ్వే. ఆ పాపం ఇప్పుడు అనుభవించు, పొడుగు ఉత్తరం చదువు.

మీ తమ్ముడు పోయి నేటికి పంతొమ్మిది రోజులు. కర్మ అయిన మర్నాడే నువ్వు హనుమకొండ వెళ్ళిపోయావు కాబట్టి ఇల్లు పాడుపెట్టింది చూడలేదు. శతభిషంలో పోయాడు, ధనిష్ఠా పంచకం తగిలింది, ఆరు నెలలు ఆ ఇంట్లో దీపం వెలగకూడదు, మనిషి అడుగు పెట్టకూడదు, లోపలికి తొంగి చూడకూడదని అయ్యగారు చెప్పారు కదా. అలాగే చేశాం. ఇప్పుడు రెండు వీధుల అవతల కిరాయి ఇంట్లో ఉన్నాం.

రాజీవ్‌కు బాపు పోయినప్పటి నుంచి దొంగల భయం. వాడి షాపులో అమ్మేవి కెమెరాలే కాబట్టి ఇంట్లో ఒకటి పెడతానన్నాడు. అయ్యగారు ఒప్పుకోలేదు. "కెమెరా గూడ కన్నే గద బిడ్డా" అన్నారు. అప్పుడు సెన్సర్లు తెచ్చాడు. ఒక్కోటి రెండు తెల్లటి ముక్కలు. సబ్బుబిళ్ళలో సగం ఉండేది తలుపు చట్రానికి అంటిస్తారు. వేలంత ముక్క తలుపు రెక్కకు, దాంట్లో అయస్కాంతం. రెండూ పక్కపక్కన ఉన్నంతసేపు నోరు మూసుకుని ఉంటాయి. తలుపు తెరిస్తే విడిపోతాయి, రాజీవ్ ఫోను మోగుతుంది. ద్వారబంధానికి మేకులు కొట్టనివ్వను అంటే భద్రు గమ్ముబిళ్ళలతో అంటించాడు. భద్రు తెలుసుగా, పన్నెండేళ్ళుగా రాజీవ్ షాపులో చేస్తున్న తండా మనిషి. తొమ్మిది కిటికీలు, రెండు తలుపులు. ఇల్లు వదిలేటప్పుడు వెనుక దర్వాజ నుంచే వెళ్ళాలన్నారు, వెళ్ళాక మళ్ళీ లోపలికి రాకూడదు. అందుకని ఆ ఒక్క తలుపుకు మాత్రం అందరం బయటికి వచ్చాక బయటివైపే అంటించాడు, చూరు కింద. రాజీవ్ ఫోనులో పదకొండు పచ్చ చుక్కలు. వాడి కొడుకు బిట్టు రోజూ వాటిని లెక్కపెడతాడు.

వదినా, ఒక మాట చెబుతాను, నవ్వకు. ఈ కిరాయి ఇంట్లో నాకు ఏడవడానికి చోటు లేదు. మూడే గదులు. కళ్ళు తడిస్తే పిల్లలు చూస్తారు, కోడలు పల్లవి పని ఆపి పక్కన కూర్చుంటుంది, రాజీవ్ అన్నం మానేస్తాడు. పదో రోజున పిండి పరిచి గంప బోర్లించాం, ఏ రూపంలో వెళ్ళాడో గుర్తు పడుతుందని. పిండి పరిచింది పరిచినట్టే ఉంది. గీత కూడా పడలేదు. ముప్పై ఆరేళ్ళు కలిసి బతికినవాడు నాకొక గీత గీసి వెళ్ళలేకపోయాడు.

జవాబు కిరాయి ఇంటికి రాయకు. పల్లవి ప్రేమతోనే చదివి వినిపించమంటుంది. టైలరు సంగీత షాపు చిరునామా కింద రాశాను.

నీ నీల


హనుమకొండ
14 సెప్టెంబరు 2024

నీలా,

మూడు తప్పులున్నాయి. ఎర్ర ఇంకు లేక వదిలేశాను.

చనిపోయే నక్షత్రం మనిషి చేతిలో ఉంటుందా? మా పండరి గుండె ఆగి పోయాడు. నేను కట్టిన రాఖీ చేతికి ఉండగానే పోయాడు. దానికి గోడలేం చేశాయని ఆరు నెలల శిక్ష? ఈ మాట కర్మ రోజున అందరి ముందూ అన్నాను. నాకు వినబడదు కాబట్టి ఎవరు ఏమని తిట్టారో తెలియదు, అదొక సుఖం.

ఇల్లు నీది. ఏడవాలనిపిస్తే అక్కడికే వెళ్ళి ఏడువు. నక్షత్రాలకు మన ఏడుపులు చూసే తీరిక ఉండదు.

సత్యమ్మ


బాన్సువాడ
26 సెప్టెంబరు 2024

వదినా,

నీ మాట విని వెళ్ళాను. చావు తప్పి కన్ను లొట్టపోయింది.

మంగళవారం పదకొండింటికి అందరూ బయటికి వెళ్ళాక పెరటి గోడ పక్కనుంచి వెళ్ళి, నా దగ్గరున్న రెండో తాళంచెవితో వెనుక తలుపు తీశాను. ఆ సెన్సరు సంగతి మర్చిపోయానంటే నమ్ముతావా? వంటింట్లో నాలుగు అడుగులు వేశానో లేదో సందులో రాజీవ్ బండి చప్పుడు. బయటికి ఉరికి తాళం వేసి బావి వెనుక కూర్చున్నాను. కన్నకొడుక్కు దొంగలా దాక్కున్నాను. వాడూ భద్రూ వచ్చి తాళం లాగి చూశారు. "తాళం తాళమే ఉన్నది, దర్వాజ తెరుసుకున్నదని వచ్చె. గిదేందన్నా" అన్నాడు భద్రు. రాజీవ్ ఫోను తీసి మళ్ళీ చూశాడు. వాడి ముఖం నేను చూశాను, తెల్లబోయింది.

ఆ సాయంత్రం నుంచి ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. మామయ్య వస్తున్నాడని పల్లవి గుమ్మానికి వేపమండలు కట్టింది. బిట్టు ఒంటరిగా బాత్రూముకు కూడా వెళ్ళడం లేదు. నేనే అని చెప్పడానికి రెండుసార్లు నోరు తెరిచాను. చెబితే నియమం తప్పింది నేనవుతాను. రేపు బిట్టుకు జ్వరం వచ్చినా ఆ మాట నా మీదికే వస్తుంది, వాళ్ళు అనకపోయినా నేనే అనుకుంటాను.

కాని ఆ నాలుగు అడుగుల్లో నాకు ప్రాణం లేచి వచ్చింది వదినా. ఆయన వాసన ఇంకా ఉంది. మళ్ళీ వెళ్ళకుండా ఉండలేను. ఆ తలుపు నోరు మూయించే ఉపాయం ఏదైనా ఉంటే చెప్పు. సైన్సు టీచరువి కదా.

నీల


హనుమకొండ
2 అక్టోబరు 2024

నీలా,

ఈ కవరులో దూదిలో చుట్టి పంపుతున్నది పారేయకు. మా బడి ప్రయోగశాల మూసేసినప్పుడు గుర్తుగా తెచ్చుకున్న అయస్కాంతం. ముప్పై ఏళ్ళు ఎనిమిదో తరగతికి ఈ పాఠం చెప్పాను, ఇన్నాళ్ళకు ఒకరికి పనికొచ్చింది.

చట్రం మీద ఉన్న పెద్ద ముక్కకు కావలసిందల్లా పక్కన ఒక అయస్కాంతం. అది తలుపుదా, సత్యమ్మదా అని అది అడగదు. కాబట్టి తలుపు తీయకముందే దీన్ని ఆ ముక్కకు ఆనించి దారంతో కట్టేయి. తర్వాత తలుపు బార్లా తెరిచినా మూసే ఉందనుకుంటుంది. వచ్చేటప్పుడు తలుపు వేసి, తాళం వేసి, అన్నిటికంటే చివర ఇది విప్పుకో. ముందే విప్పితే కూస్తుంది.

రాజీవ్‌తో చెప్పకు. వాడి వ్యాపారం మీద వాడికి నమ్మకం పోతుంది. పాపం, మొన్న మొన్ననే అప్పు చేసి షాపు పెద్దది చేశాడు. ఈ ఉత్తరాలు చదివి చించెయ్. నీవి మాత్రం నేను దాచుకుంటాను, నా శిష్యురాలి దస్తూరి కదా.

సత్యమ్మ


బాన్సువాడ
20 అక్టోబరు 2024

వదినా,

నీ అయస్కాంతం పని చేసింది. ఇప్పటికి ఆరుసార్లు వెళ్ళాను. ఒకసారి లోపల ఉండగానే రాజీవ్ బండి ముందు వీధిలో ఆగింది. కిటికీ సందులోంచి చూశాను. వాడు ఫోను చూసుకుని వెళ్ళిపోయాడు. నవ్వొచ్చింది, వెంటనే ఎందుకో దిగులేసింది. తల్లి లోపల ఉన్నా ఆ ఫోనుకు తెలియదు కదా అనిపించింది.

నడిమింట్లో మీ తమ్ముడి మంచం మీద పరుపు, బొంతలు చుట్టచుట్టి అలాగే ఉన్నాయి. కిటికీలు తెరవను, చీకట్లోనే కాసేపు ఏడ్చి కాసేపు నడుం వాలుస్తాను. రెండు నెలలుగా నిద్ర అంటే ఏమిటో మర్చిపోయినదాన్ని, అక్కడ గంట పడుకుంటే ఒళ్ళు తెలియదు.

అసలు సంగతి ఇది. పోయిన గురువారం వెళ్ళేసరికి నడిమింట్లో నేల మీది దుమ్ములో గీత పడి ఉంది. గోడ వారగా వంకర్లు తిరుగుతూ మంచం దాకా. పదో రోజు పిండిలో పడని గీత, వదినా. నిన్న ఆయన్ని చూశాను కూడా. బొంతల మడతలో చుట్టుకుని పడుకున్నాడు. సన్నగా నల్లగా ఉన్నాడు, ఒంటి చుట్టూ తెల్లటి పట్టీలు. నన్ను చూసి కదలను కూడా లేదు. బతికి ఉన్నప్పుడూ అంతే కదా, మధ్యాహ్నం నిద్రలో ఉంటే ఇల్లు కూలినా లేవడు.

గిన్నెలో పాలు పెట్టి వచ్చాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే కర్రలు పట్టుకుని వస్తారు. నీకు చెబుతున్నాను, నీ తమ్ముడు కాబట్టి.

నీల


హనుమకొండ
25 అక్టోబరు 2024

నీలా,

నీ ఉత్తరం అందిన పూటే రాస్తున్నాను. ఇక ఆ ఇంట్లో అడుగు పెట్టకు. అయస్కాంతం కాలువలో పారేయి.

నువ్వు చూసింది కట్లపాము. పొలాల్లో వరికోతలకు నీళ్ళు తీసేశాక ఎలుకలు ఇళ్ళలోకి వస్తాయి, వాటి వెంట ఇది వస్తుంది. మనుషులు లేని ఇల్లు, కదిలించని పరుపులు, దానికి ఇంకేం కావాలి? పగటి వెలుతురులో మత్తుగా ఉంటుంది కాబట్టి సాధుజీవి అనుకుంటారు. చీకటి పడితే వేరు. నువ్వు కిటికీలు తెరవక ఆ గదిలో పగలే చీకటి చేసిపెట్టావు. అది కరిస్తే చీమ కుట్టినంత కూడా తెలియదు. నిద్రలో ఉన్నవాళ్ళు నిద్రలోనే పోతారు. మా బడి వాచ్‌మన్ సాయిబాబు అలాగే పోయాడు, ఒంటి మీద గాటు వెతికితే కనబడలేదు.

అది మా పండరి కాదు. వాడు నీకు చెడు చేసే ఏ రూపంలోనూ రాడు.

రాజీవ్‌తో చెప్పి పాములు పట్టేవాణ్ణి పిలిపించు. నువ్వు చెప్పకపోతే నేను రాస్తాను.

సత్యమ్మ


బాన్సువాడ
5 నవంబరు 2024

వదినా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి భయపడ్డాను. నాలుగోసారి కోపం వచ్చింది.

కర్మ రోజున నువ్వు అందరి ముందూ అన్నావు, పోయినవాడు పోయాడు, ఇంక ఏ రూపంలోనూ రాడని. ఇప్పుడు వచ్చాడంటే నీ మాట తప్పవుతుంది. అదేనా నీ బాధ? లేక రాఖీ కట్టిన అక్కకు కనబడకుండా నాకు కనబడ్డాడనా? పుస్తకంలో దానికేం పేరున్నా ఉండనీ. మూడు వారాలుగా ఆ మంచం మీదే పడుకుని లేస్తున్నాను. ఏమీ అనలేదు. అనేవాడైతే మొదటి రోజే అనకపోయేవాడా?

ఇల్లు నీది, అక్కడికే వెళ్ళి ఏడువు అన్నది నువ్వే. నోరు మూయించే ఉపాయం పంపింది నువ్వే. ఇప్పుడు రాజీవ్‌కు రాస్తానంటావా? రాస్తే వాడు కర్రలతో వస్తాడు. రెండోసారి కూడా నా కళ్ళ ముందే పోతాడు ఆయన. అలా జరిగితే నీకూ నాకూ ఉత్తరాలు ఉండవు. మాట ఇవ్వు.

ఫిబ్రవరిలో గడువు తీరుతుంది, దీపం పెట్టుకుని అందరం లోపలికి వెళతాం. ఈ మూడు నెలలు నన్ను వదిలెయ్.

నీల


బాన్సువాడ
20 నవంబరు 2024

అత్తకు రాజీవ్ రాస్తున్నాను.

నా ఫోను పోలీసుల దగ్గర ఉంది. అది ఉన్నా నీకు ఈ సంగతి ఎలా వినిపించాలో తెలియదు. మీ ఇంటి ఓనరు నంబరుకు ఆ రోజే చేయించాను, కార్తీక యాత్రలో ఉన్నామన్నారు. అమ్మ పోయింది అత్తా. నీకు చెప్పకుండానే అన్నీ అయిపోయాయి. ఇంకా ఆగే పరిస్థితి లేదు, అది ఎందుకో చదివితే నీకే అర్థమవుతుంది.

పన్నెండో తారీఖు మధ్యాహ్నం నుంచి కనబడలేదు. ఫోను ఇంట్లోనే పెట్టి వెళ్ళింది. కోటగిరిలో చిన్నమ్మ దగ్గరికి వెళ్ళిందనుకున్నాం. సాయంత్రానికి అక్కడ లేదని తెలిసింది. వర్ని, నిజాంసాగర్, తెలిసిన ప్రతి ఊరికీ వెళ్ళాను. కాలువ గట్టు వెంట కూడా వెళ్ళాను, ఎందుకు వెళ్ళానో నా నోటితో చెప్పలేను. మన ఇంటి ముందు నుంచి ఆ రెండు రోజుల్లో మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ బండి ఆపి ఫోను తీసి చూశాను. పదకొండూ మూసే ఉన్నాయి. మూసే ఉన్నాయి కదా అని వెళ్ళిపోయాను.

పద్నాలుగో తారీఖున భద్రు గోడ దూకి చూశాడు. "అన్నా, ఫోను ఏమన్న జెప్పనీ, వెనుక దర్వాజకు తాళం లేదు" అన్నాడు. అమ్మ నడిమింట్లో బాపు మంచం మీద పక్కకు తిరిగి పడుకుని ఉంది. ఇంక రాయలేను.

వెనుక తలుపు సెన్సరుకు ఎవరో అయస్కాంతం ఆనించి దారంతో కట్టారు. ఆ కిటుకు ఈ పని తెలిసినవాళ్ళకు తప్ప రాదు. బాన్సువాడలో తెలిసింది నాకూ భద్రుకూ. ఆ తలుపుకు బయటివైపు అంటించింది వాడే. మిగతావన్నీ వదిలి ఆ తలుపు దగ్గరికే వెళ్ళి చూసిందీ వాడే. దొంగతనానికి దారి చేసుకుంటే అమ్మ చూసి ఉంటుందని నేనే పోలీసులతో అన్నాను. ఒంటి మీద దెబ్బ లేదు, విషమని డాక్టర్ల అనుమానం, పరీక్షకు పంపారు. భద్రు ఆరు రోజులుగా లోపలే ఉన్నాడు. వాడి భార్య సోమ్లి రోజూ వచ్చి షాపు ముందు కూర్చుంటోంది. "చూసి చెప్పుడే తప్పయిందా సేటూ" అని అడిగింది. పన్నెండేళ్ళు నా పక్కన అన్నం తిన్నవాడు. నాకు నిద్ర పట్టడం లేదు.

ఇంకొక మాట. నువ్వు చెప్పిందే నిజం అత్తా. ఈ నక్షత్రాల పిచ్చి లేకపోతే మేం ఇల్లు వదిలేవాళ్ళమే కాదు, అమ్మ దొంగచాటుగా తన ఇంటికి తాను వెళ్ళేదే కాదు. అయ్యగారు వద్దన్నా వినకుండా మొన్న సోమవారం అందరం మన ఇంటికి వచ్చేశాం. సెన్సర్లన్నీ పీకి పారేశాను. దీపం పెట్టాం. అమ్మ చివరిసారి పడుకున్న గది అని పిల్లలు నడిమిల్లు వదలడం లేదు, బాపు బొంతలు పరుచుకుని అక్కడే పడుకుంటున్నారు. నీ మాట నిలబెట్టాను. వీలైతే ఒకసారి రా.

రాజీవ్


బస్సులో, కామారెడ్డి దాటాక
25 నవంబరు 2024

రాజీవ్,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. ఓనరు వాళ్ళు ఇంకా రాలేదు. కిరాణా కొట్టు మనిషి చేత నీ నంబరుకు పదిసార్లు చేయించాను, బంద్ అనే వచ్చిందట. పల్లవి నంబరు నా దగ్గర లేదు. చెవులు పోయినదానికి నంబర్లెందుకని ఎప్పుడూ అడగలేదు, తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. తెల్లవారుజామున మొదటి బస్సు ఎక్కాను.

పోయినవి నా చెవులే, నోరు పోలేదు. గడప దగ్గర నిలబడి నేను అరిచే మొదటి మాట పిల్లలను బయటికి తీసుకురమ్మని. ఆ బొంతలు ఎవరూ ముట్టుకోవద్దు, కర్రతో కూడా కదపవద్దు. పాములు పట్టేవాడు వచ్చేదాకా ఎవరూ లోపలికి వెళ్ళకూడదు. అంతవరకు నోటితో చెప్పగలను. తర్వాతిది చెప్పే ధైర్యం లేక ఈ కాగితం మీద రాస్తున్నాను.

ఆ అయస్కాంతం నాది. నేనే దూదిలో చుట్టి పోస్టులో పంపాను, ఎలా కట్టాలో నేనే రాశాను. నువ్వు మూడుసార్లు ఆ ఇంటి ముందు ఆగినప్పుడు నీ ఫోను చెప్పిన అబద్ధం నేను నేర్పింది. భద్రుకు ఏ పాపమూ తెలియదు. మీ అమ్మ ఉత్తరాలు నాలుగూ ఈ సంచిలో ఉన్నాయి. అక్టోబరు ఇరవైన రాసిన దాంట్లో ఆ పామును కళ్ళారా చూసి రాసింది, మీ బాపు అనుకుని పాలు పెట్టింది. అవి చదువు, డాక్టర్లకు చూపించు, భద్రును ఇంటికి తీసుకురా. పోలీసులు అడిగితే నేను పక్కనే ఉంటాను.

ఆమె పోవడానికి పద్దెనిమిది రోజుల ముందే నాకు తెలుసు. మీ అమ్మ మాట ఇవ్వమని రాసింది. పాము సంగతి నీకు రాసిన కార్డు నా పుస్తకంలో అలాగే ఉంది. ఆమె అడిగిన మాట కోసం ఆగానని చాలా రోజులు నన్ను నేను నమ్మించుకున్నాను. అది అబద్ధం. కార్డు పోస్టు చేస్తే అయస్కాంతం ఎవరిదని నువ్వు అడుగుతావు. సత్యమ్మ టీచరు చేసిన పని ఊరందరికీ తెలుస్తుంది. అందుకే ఆగాను. ఎలాగూ వెళ్ళడం మానేస్తుందిలే అనుకున్నాను.

నక్షత్రం గురించి నేను అన్నది ఇప్పటికీ తప్పు అనుకోను. కాని ఆ మాట మీద నమ్మకంతో నువ్వు పిల్లలను ఆ గదిలో పడుకోబెట్టి ఈ రోజుకు వారం. ఈ బస్సులో అందరూ నన్నే చూస్తున్నారు, పైకి ఏడుస్తున్నానేమో నాకు వినబడదు.

బాన్సువాడ ఇంకా గంట దూరం ఉంది. బిట్టునూ చెల్లెల్నీ పల్లవినీ నిన్నూ వాకిట్లో ఎండలో నిలబెట్టి, ఒక్కొక్కరినీ చేత్తో తాకి చూసుకుంటాను. నలుగురూ ఉన్నారని తేలాకే ఈ కాగితం నీ చేతికిస్తాను. ఆ తర్వాత నువ్వు నన్ను అత్తా అని పిలవకపోయినా సరే.

సత్యమ్మ